బ్యాకప్ నడవదు, నడిస్తే కంప్యూటర్‌ని నడవనివ్వదు: ఏ సెట్టింగ్ ఎక్కడ సరిచేయాలి?

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మీద ఫిర్యాదులు చాలావరకు రెండు రకాలు. నడవాల్సిన టైమ్‌కి నడవలేదని ఒకటి, మనం పనిలో ఉండగా నడిచి ప్రాణం తీస్తోందని రెండోది. మొదటిది దాదాపు ఎప్పుడూ పవర్ సెట్టింగుల గొడవ. రెండోది పర్ఫార్మెన్స్ సెట్టింగులది. ఈ రెండింటినీ కలగాపులగం చేసి, కనిపించిన స్లయిడర్‌నల్లా జరిపేసి, ఏది మార్చితే ఏమైందో తెలియక చివరికి బ్యాకప్‌నే ఆపేసినవాళ్ళని చూశాను. అందుకే ముందుగా ఒక్క షరతు: ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. ఒక బ్యాకప్ పూర్తిగా నడిచి లాగ్ (ఎప్పుడు ఏం జరిగిందో సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టా) చూశాకే ఇంకోదాని జోలికి వెళ్ళండి.

“రాత్రి 2 గంటలకి పెట్టాను, పొద్దున చూస్తే ఏమీ జరగలేదు”

లాగ్ తెరవండి. 2 గంటల దగ్గర ఎర్రర్ ఉంటే అది వేరే కథ. అసలు ఆ టైమ్‌కి ఎంట్రీయే లేకపోతే చాలావరకు కంప్యూటర్ స్లీప్‌లో ఉందన్నమాట. కంప్యూటర్ నిద్రపోతే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా దానితోపాటే నిద్రపోతుంది. టైమ్ అయిందని లేపాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్.

విండోస్‌లో ఇందుకు రెండు చోట్ల అనుమతి ఉండాలి. చాలామంది ఒకటి ఇచ్చి రెండోది మర్చిపోతారు. మొదటిది బ్యాకప్ షెడ్యూల్లోనే ఉంటుంది. విండోస్‌లో పనులని టైమ్ ప్రకారం నడిపే టాస్క్ షెడ్యూలర్ ద్వారా నడిచేదైతే ఆ టాస్క్ ప్రాపర్టీస్‌లో కండిషన్స్ ట్యాబ్‌కి వెళ్ళి ‘వేక్ ద కంప్యూటర్ టు రన్ దిస్ టాస్క్’ దగ్గర టిక్ పెట్టాలి. రెండోది కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, స్లీప్, ‘అలో వేక్ టైమర్స్’. ఇక్కడ బ్యాటరీకి, ఛార్జర్‌కి విడివిడిగా విలువలుంటాయి. ‘ఇంపార్టెంట్ వేక్ టైమర్స్ ఓన్లీ’ అని ఒకటి కనిపిస్తుంది. నా బ్యాకప్ ముఖ్యమైనదే కదా అని దాన్ని ఎంచుకోకండి. అక్కడ ముఖ్యమైనవంటే అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ లాంటి విండోస్ సొంత పనులు. మీ బ్యాకప్ ఆ లెక్కలోకి రాదు. ‘ఎనేబుల్’ పెట్టండి.

పెట్టింది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి తెల్లారేదాకా ఆగక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి వేక్‌టైమర్స్ అని కలిపి ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. కంప్యూటర్‌ని లేపడానికి వరుసలో ఉన్నవన్నీ చూపిస్తుంది. అందులో మీ బ్యాకప్ టాస్క్ కనిపించకపోతే పై రెండు అనుమతుల్లో ఏదో ఒకటి తప్పింది.

లాప్‌టాప్ వాళ్ళకి ఇంకో మెలిక ఉంది. అదే కండిషన్స్ ట్యాబ్‌లో ‘కంప్యూటర్ ఏసీ పవర్ మీద ఉంటేనే మొదలుపెట్టు’ అనే అర్థం వచ్చే ఆప్షన్‌కి మొదటినుంచే టిక్ ఉంటుంది. ఛార్జర్ తీసేసి పడుకుంటే షెడ్యూల్ ఎంత చక్కగా రాసినా టాస్క్ కదలదు. దాన్ని తీసేయమని మాత్రం చెప్పను. సగం బ్యాటరీతో పెద్ద బ్యాకప్ మొదలై మధ్యలో సిస్టమ్ ఆఫ్ అయ్యేకంటే, పడుకునేముందు ఛార్జర్ పెట్టే అలవాటే మేలు. మ్యాక్‌లో ఇలాంటిదే, దాని సొంత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ టైమ్ మెషీన్ ఆప్షన్స్‌లో ‘బ్యాక్ అప్ ఆన్ బ్యాటరీ పవర్’ అని ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని కొత్త లాప్‌టాప్‌లు లేవవు. పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ అని కొట్టి చూడండి. అందుబాటులో ఉన్న స్లీప్ రకాల జాబితాలో (లేనివాటి జాబితాలో కాదు) ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ ఉంటే అది మోడర్న్ స్టాండ్‌బై అనే కొత్త పద్ధతి మెషీన్. వీటిలో పాత పద్ధతి స్లీప్ ఉండదు. వేక్ టైమర్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. రాత్రి 2 అన్న ముహూర్తమే మార్చి, మీరు భోజనానికి లేచే టైమ్‌కి పెట్టుకోండి.

ఇక పూర్తిగా షట్‌డౌన్ చేసిన కంప్యూటర్‌ని ఈ టైమర్లేవీ లేపలేవు. అలా ఆఫ్ చేసే అలవాటు ఉంటే టాస్క్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో, తప్పిపోయిన టాస్క్‌ని వీలైనంత త్వరగా నడపమనే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. లినక్స్‌లో సిస్టమ్‌డీ టైమర్ వాడేవాళ్ళు ‘పర్సిస్టెంట్’ని ట్రూ చేస్తే అదే పని అవుతుంది. స్లీప్ నుంచి లేపాలంటే అక్కడ ‘వేక్‌సిస్టమ్’ కూడా ట్రూ కావాలి.

“మొదలవుతుంది, పూర్తవదు”

ఆగిన చోటు కంటే ఆగిన టైమ్ ఎక్కువ చెబుతుంది. మొదలైన 15 నిమిషాలకో 30 నిమిషాలకో ప్రతిసారీ ఒకేలా ఆగితే అది స్లీప్ టైమర్. కీబోర్డ్, మౌస్ కదలట్లేదు కాబట్టి ఎవరూ లేరని కంప్యూటర్ కళ్ళు మూసేస్తోంది. మంచి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ‘నేను పనిలో ఉన్నాను, పడుకోకు’ అని సిస్టమ్‌కి చెప్పుకుంటుంది. మీది చెబుతోందో లేదో చూడాలంటే బ్యాకప్ నడుస్తుండగా పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ రిక్వెస్ట్స్ అని కొట్టండి. దాని పేరు లేకపోతే, సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బ్యాకప్ అవుతుండగా స్లీప్ అవ్వకుండా ఆపే ఆప్షన్ వెతకండి. అదీ లేకపోతే ఛార్జర్ మీద ఉన్నప్పటి స్లీప్ టైమ్‌ని పెంచండి. మ్యాక్‌లో కెఫీనేట్, లినక్స్‌లో సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ కమాండ్లు ఈ పనికే ఉన్నాయి.

ప్రతిరోజూ గడియారంలో ఒకే టైమ్‌కి, ఉదాహరణకి సరిగ్గా ఉదయం 5కి ఆగితే, మీరే ఎప్పుడో పెట్టి మర్చిపోయిన బ్యాకప్ విండో, అంటే ఈ గంటల మధ్యే నడవాలన్న పరిమితి, అయ్యుంటుంది. మొదటి ఫుల్ బ్యాకప్ ఆ గంటల్లో పట్టదు. అది పూర్తయ్యేవరకు ఆ పరిమితి తీసేయండి.

డిస్క్ కనపడట్లేదనే ఎర్రర్‌తో ఆగితే అనుమానం ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి వెళ్ళాలి. ఇక్కడ మాత్రం సెట్టింగుల కంటే ముందు కేబుల్ మార్చండి. యూఎస్‌బీ హబ్ తీసేసి డిస్క్‌ని నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయని నా నమ్మకం. అప్పటికీ పోకపోతే అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ని డిజేబుల్ చేయండి. ‘టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్’ విలువ పెంచండి. ఏ ఫైళ్ళు మారాయో సాఫ్ట్‌వేర్ లెక్కలేసుకునేంతసేపూ డిస్క్ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ చూసి సిస్టమ్ దాన్ని పడుకోబెడుతుంది.

మూత వేస్తే ఆగిపోతోందని, మూత వేసినా ఏమీ చేయవద్దు అనే ఆప్షన్ పెట్టుకునేవాళ్ళూ ఉంటారు. నేనూ పెట్టాను. పెట్టిన సంగతి మర్చిపోయి లాప్‌టాప్‌ని బ్యాగ్‌లో వేసుకుని బయల్దేరాను. గంట తర్వాత తీస్తే పట్టుకోలేనంత వేడి. ఆ ఆప్షన్‌ని ఛార్జర్ కాలమ్‌లో మాత్రమే పెట్టండి, బ్యాటరీ కాలమ్‌లో వద్దు.

“బ్యాకప్ మొదలైతే చాలు, కంప్యూటర్ నత్తలా నడుస్తోంది”

టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ, డిస్క్ కాలమ్స్‌లో ఏది 100 దగ్గర కూర్చుందో చూడండి. దాన్ని బట్టే మందు.

సీపీయూ అయితే మొదటి ముద్దాయి కంప్రెషన్. ఫొటోలు, వీడియోలు పుట్టడమే కుదించిన ఫార్మాట్లలో పుడతాయి. వాటిని గరిష్ఠ కంప్రెషన్‌తో మళ్ళీ పిండితే ప్రాసెసర్ వేడెక్కడం తప్ప స్థలం మిగలదు. లెవల్ తగ్గించండి. ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవకుండా డేటాకి వేసే తాళం) జోలికి వెళ్ళకండి. ఇప్పటి ప్రాసెసర్లలో చాలావాటికి ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కోసం ప్రత్యేక సూచనలే ఉన్నాయి, దాని బరువు తక్కువ. సాఫ్ట్‌వేర్లో మీరు వాడుతున్నప్పుడు ఇంత, లేనప్పుడు ఇంత అని సీపీయూ శాతం పెట్టే వీలుంటే 20, 80 దగ్గర మొదలుపెట్టి చూడండి.

డిస్క్ అయితే సీపీయూ శాతం ఎంత తగ్గించినా ఉపయోగం ఉండదు. ముఖ్యంగా తిరిగే హార్డ్ డిస్క్‌లో చదివే ముల్లు ఒక్కటే చోట ఉండగలదు. అటు బ్యాకప్ ఫైళ్ళకీ ఇటు మీ ఫైళ్ళకీ పరిగెత్తలేక రెండూ నెమ్మదిస్తాయి. బ్యాకప్ ప్రయారిటీని తక్కువ (‘లో’) చేయండి, ఒకేసారి చదివే ఫైళ్ళ సంఖ్య తగ్గించండి. లినక్స్‌లో నైస్ కమాండ్ ఒక్కటే పెట్టి ఊరుకుంటారు కొందరు. అది సీపీయూ వంతు చూస్తుంది. డిస్క్ వంతుకి అయోనైస్ కావాలి. అదీ బీఎఫ్‌క్యూ లాంటి, ప్రయారిటీని పట్టించుకునే డిస్క్ షెడ్యూలర్ ఉంటేనే.

రెండూ ఎక్కువగా ఉండి, జాబితాలో బ్యాకప్ పక్కనే ‘ఆంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ కూడా పైకి ఎగబాకుతుంటే, బ్యాకప్ తెరిచే ప్రతి ఫైల్‌నీ యాంటీవైరస్ కూడా తనిఖీ చేస్తోందన్నమాట. యాంటీవైరస్ మినహాయింపుల్లో బ్యాకప్ ప్రోగ్రామ్ ప్రాసెస్‌ని ఒక్కదాన్నే చేర్చండి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని మినహాయిస్తే ఆ ఫైళ్ళకి కాపలా లేకుండా పోతుంది.

“గంటలు గంటలు పడుతోంది”

సెట్టింగుల కంటే ముందు లెక్క వేయండి. యూఎస్‌బీ 2.0 పోర్టులో వాస్తవంగా వచ్చేది సెకనుకి 30 నుంచి 40 ఎంబీ. 35 ఎంబీ చొప్పున ఒక టీబీకి 8 గంటలు పడుతుంది. అదే డిస్క్ యూఎస్‌బీ 3.0 పోర్టులో సెకనుకి 100 ఎంబీ రాస్తే 3 గంటల్లోపే అయిపోతుంది. క్లౌడ్‌కైతే 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అంటే సెకనుకి 1.25 ఎంబీ మాత్రమే. 100 జీబీకి 22 గంటలు దాటుతుంది. మీ టైమ్ ఈ లెక్కకి దగ్గరగా ఉంటే సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు.

లెక్కకి చాలా దూరంగా ఉంటే ఇవి చూడండి. విండోస్‌లో బ్యాటరీ సేవర్ (కొత్త విండోస్ 11లో దీని పేరు ఎనర్జీ సేవర్) ఆన్‌లో ఉండిపోయిందా? ప్రయారిటీ మరీ తగ్గించేశారా? టాస్క్ షెడ్యూలర్ తన టాస్కులని మామూలుగానే సాధారణం కంటే తక్కువ ప్రయారిటీతో నడుపుతుంది, మీరు దానిమీద ఇంకా తగ్గించి ఉండొచ్చు. జోరుగా మొదలై కాసేపటికి వేగం పాతాళానికి పడిపోతే డిస్క్ ఎస్‌ఎంఆర్ (ట్రాకులని ఒకదానిమీద ఒకటి కొంత పరిచి రాసే హార్డ్ డిస్క్) రకమేమో చూడండి. వాటిలో వేగంగా రాసే కొద్ది భాగం నిండాక ఇలాగే అవుతుంది. దీనికి సెట్టింగ్ లేదు. లక్షల కొద్దీ చిన్న చిన్న ఫైళ్ళున్నా నెమ్మదే. క్యాష్, తాత్కాలిక ఫోల్డర్లని బ్యాకప్ నుంచి తీసేస్తే కొంత నయం.

“బ్యాకప్ అవుతుంటే వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతోంది”

అప్‌లోడ్ దారంతా బ్యాకప్ ఆక్రమించింది. మీ అప్‌లోడ్ వేగం కొలిచి, అందులో 70 శాతం దగ్గర పరిమితి పెట్టండి. ఆ గడిలో యూనిట్ ఏమిటో చూసి మరీ టైప్ చేయండి. కిలోబిట్లకీ కిలోబైట్లకీ 8 రెట్లు తేడా. 1000 అని కొట్టి ఒక మెగాబైట్ ఇచ్చాననుకుంటే, అక్కడ కిలోబిట్లుంటే మీరిచ్చింది సెకనుకి 125 కేబీ. ఫోన్ హాట్‌స్పాట్ వాడేవాళ్ళు ఆ కనెక్షన్‌ని మీటర్డ్‌గా (డేటాకి పరిమితి ఉన్నదిగా) గుర్తు పెట్టి, మీటర్డ్ కనెక్షన్ మీద ఆగమని సాఫ్ట్‌వేర్లో కూడా చెప్పండి.

“అర్ధరాత్రి కంప్యూటర్ దానంతటదే లేచి ఫ్యాన్ మోగిస్తోంది”

ఇందాక మనం ఇచ్చిన వేక్ టైమర్ అనుమతి మిగతా ప్రోగ్రామ్‌లకీ వర్తిస్తుంది. లేచిన తర్వాత పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్ కొడితే ఎవరు లేపారో తెలుస్తుంది. బ్యాకప్ కాకపోతే ఆ ప్రోగ్రామ్ టాస్క్‌లో వేక్ టిక్ తీసేయండి. బ్యాకపే అయితే, పని అయ్యాక మళ్ళీ స్లీప్‌లోకి పంపే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.