వస్తువుల కథలను రాసి ఉంచుకోవడం ఎలా

పాత గడియారమో, అంచు చిట్లిన కప్పో ఇంట్లో ఎంతకాలం నిలిచినా, దాని కథ మాత్రం దానిని వాడినవారి జ్ఞాపకంలోనే ఉంటుంది. కాబట్టి వస్తువును భద్రపరచడం కంటే ముందు, చెప్పగలవారు ఉండగానే ఆ కథను రాసుకోవాలి.

విలువైనవాటిని కాక, ఎక్కువగా వాడినవాటిని ఎంచుకోండి. బీరువా దాటి బయటికి రాని నగ కంటే రోజూ చేతులు మారిన కత్తెర గురించి చెప్పుకోవడానికి ఎక్కువ ఉంటుంది. మొదట నాలుగైదు వస్తువులు చాలు. ఇల్లంతా ఒకేసారి రాయబోతే ఆ పని సగంలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆ వస్తువును వాడినవారి చేతికే ఇచ్చి అడగండి. "దీని గురించి చెప్పండి" అంటే జవాబు తరచుగా ఒక్క వాక్యంతో ముగుస్తుంది. పిడి ఒకవైపే ఎందుకు అరిగింది, ఈ సొట్ట ఎప్పుడు పడింది, ఈ అతుకు ఎవరు వేశారు, ఇంతకుముందు ఇది ఏ గదిలో ఉండేది అని ఒక్కొక్క గుర్తునూ చూపి అడిగితే, అడగని సంగతులు కూడా బయటికి వస్తాయి. మెదడులో వాసనను గ్రహించే భాగానికి, భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డాలాకు, జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌కు దగ్గరి సంబంధం ఉన్నందున, పాత శాలువా వాసన సైతం మరచిన సందర్భాన్ని గుర్తుకు తేవచ్చు; అందుకే కథ రాసుకునేదాకా బట్టలను ఉతకవద్దు, లోహపు వస్తువులను తోమవద్దు.

విన్నదాన్ని మెరుగుపరచకుండా వారి మాటల్లోనే రాయండి. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన ప్రయోగాలలో, చదివిన కథను గుర్తుచేసుకుని తిరిగి రాసినవారు తెలియకుండానే దానిని తమకు అలవాటైన రీతిలోకి మార్చుకున్నారు. అన్నాచెల్లెళ్లు ఒకే కుర్చీకి రెండు కథలు చెబితే, ఎవరిది నిజమో తేల్చే బాధ్యత మీది కాదు. చెప్పినవారి పేరు, తేదీతో రెండూ రాయండి. (నిజానికి ఆ తేడాయే చాలాసార్లు అసలు కథ.)

ఆమ్లరహిత కాగితంపై పెన్సిల్‌తో రాస్తే తడి తగిలినా అక్షరాలు కరగవు. ఆ చీటీని నూలుదారంతో వదులుగా కట్టండి. టేపు జిగురు కాలక్రమేణా పసుపుబారి మరక వదులుతుంది. వస్తువు ముందు, వెనుక వైపులను, దానిపై ఉన్న గుర్తులను పక్కన కొలబద్ద ఉంచి ఫోటో తీసి, చీటీకీ ఫోటోలకూ ఒకే సంఖ్య ఇవ్వండి. వస్తువును ఎవరికైనా ఇచ్చేటప్పుడు చీటీని కూడా దానితోపాటే పంపి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.