పాత కంప్యూటర్ మొరాయిస్తోందా? రిపేరుకు ముందు డేటా బయటికి తీయండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పట్నుంచి చాలామంది పదేళ్లు దాటిన సిస్టమ్‌ల ముందు మళ్లీ కూర్చుంటున్నారు. కొత్త విండోస్ ఎక్కుతుందా, లైనక్స్ వేద్దామా, అసలు ఇది ఎందుకు హ్యాంగ్ అవుతోంది అని చూస్తున్నారు. మంచి పనే. కానీ ఆ వెంటే ఒకే ప్రమాదం మళ్లీ మళ్లీ జరుగుతోంది.

అది జరిగే తీరు ఇది. సిస్టమ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. బటన్ నొక్కి ఆపి మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర మీద చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిదిద్దే విండోస్ ప్రోగ్రామ్) దానంతటదే మొదలవుతుంది. బాగుచేసుకుంటోంది కదా అని రాత్రంతా వదిలేస్తారు. పొద్దున్నకీ అవ్వదు. ‘వైరస్ అయ్యుంటుంది, ఫార్మాట్ కొట్టేయ్, ఫోటోలన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయిగా’ అంటారు ఎవరో. కొత్త విండోస్ వేయడం మొదలుపెడితే సగంలో ఆగుతుంది. క్యాబినెట్‌లోంచి టిక్కు... టిక్కు... మని చప్పుడు. ఆ తర్వాత బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) డిస్క్ పేరే కనబడదు. సాధారణంగా సి, డి వేర్వేరు వస్తువులు కావు, ఒకే డిస్క్‌ను రెండు వాటాలు చేసి పెట్టిన పేర్లు. ఒకటి పోతే రెండోదీ పోతుంది.

అందుకే మిగతా జాగ్రత్తలన్నిటికీ ముందు ఒకటి: ఏ భాగం పాడైందో వెతకడం మొదలుపెట్టక ముందే డేటా బయటికి తీయండి. అదీ ఆ జబ్బు సిస్టమ్‌తో కాదు, వేరే సిస్టమ్‌తో.

దెబ్బ పడేది డిస్క్ మీదే

‘నా హార్డ్ డిస్క్ బాగానే ఉంది, ర్యామ్ మీదే అనుమానం, డేటాకేం భయం?’ అనుకుంటారు. ఇక్కడే మునుగుతారు. డిస్క్ మీదికి వెళ్లే ప్రతి అక్షరం ముందు ర్యామ్‌లో కూర్చుని వెళ్తుంది. ర్యామ్‌లో ఒక్క బిట్ తిరగబడితే ఆ తప్పే డిస్క్ మీద అచ్చుపడుతుంది. పాడైన ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో చెక్‌డిస్క్ నడిపితే, సరిగ్గా ఉన్న ఫైల్ రికార్డును అది తప్పుగా చదివి ‘సరిదిద్ది’ నిజంగానే పాడుచేయగలదు. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) బలహీనమైతే రాత మధ్యలో కరెంటు పడిపోయి రాసింది సగంలో తెగుతుంది. జబ్బు ర్యామ్‌దైనా, ఎస్‌ఎంపీఎస్‌దైనా, మదర్‌బోర్డ్‌దైనా చివరికి మిగిలే నష్టం డిస్క్ మీదే.

ఇక జబ్బు డిస్క్‌దే అయితే చెప్పేదేముంది. చెక్‌డిస్క్‌ను ‘స్లాష్ ఆర్’ పెట్టి నడిపితే డిస్క్ మీది ప్రతి సెక్టార్‌నూ (డేటా రాసే చిన్న గడి) చదువుతుంది, చదవలేని చోట పదే పదే ప్రయత్నిస్తుంది. ఊపిరి కొసన ఉన్న డిస్క్‌కు అంతకంటే కఠినమైన పని లేదు. పైగా దాని పని ఫైల్ వ్యవస్థను పొందికగా ఉంచడమే, మీ ఫోటోలను కాపాడటం కాదు. పట్టికలో పొంతన కుదరని ముక్కలను ‘ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో నంబర్ల పేర్లతో పడేస్తుంది. వాటిని మళ్లీ ఫోటోలుగా కూర్చుకోవడం మీ వంతు.

డేటా తీసే పద్ధతి

సిస్టమ్ ఇంకా బూట్ అవుతుంటే షిఫ్ట్ కీ నొక్కి పట్టి షట్‌డౌన్ చేయండి. మామూలు షట్‌డౌన్‌లో, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ సగం నిద్రలోనే ఆగుతుంది. ఆ స్థితిలో తీసిన డిస్క్‌ను లైనక్స్ రాయడానికి తెరవదు, ఇంకో విండోస్‌కు పెడితే పొంతన లేక గొడవ. డిస్క్ బిట్‌లాకర్‌తో (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) లాక్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన కొన్ని సిస్టమ్‌లలో ఇది మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది.

ప్లగ్ గోడ నుంచి పీకి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టి, ఆ తర్వాతే డిస్క్ విప్పండి. దాన్ని ఆరోగ్యంగా ఉన్న మరో కంప్యూటర్‌కు సాటా-యూఎస్‌బీ కన్వర్టర్‌తో తగిలించండి. ల్యాప్‌టాప్‌లో వాడే 2.5 అంగుళాల డిస్క్‌కు 5 వోల్టులు చాలు, యూఎస్‌బీ నుంచే వస్తుంది. 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టులు కూడా కావాలి, సొంత పవర్ అడాప్టర్ ఉన్న కన్వర్టర్ లేకపోతే అది తిరగనే తిరగదు. తిరగకపోతే డిస్క్ చచ్చిందని తేల్చేయకండి. కదలని బల్ల మీద పడుకోబెట్టినట్టు పెట్టండి. తిరుగుతుండగా ఎత్తొద్దు, తిప్పొద్దు.

తగిలించగానే విండోస్ రెండు మాటలు అడగొచ్చు: ‘డ్రైవ్‌ను స్కాన్ చేసి సరిచేయమంటారా’, ‘వాడాలంటే ఫార్మాట్ చేయాలి’. రెండింటికీ క్యాన్సిల్.

ఏదీ కాపీ చేయక ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి స్మార్ట్ వివరాల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) నాలుగు వరసలు చూడండి. 5 అంటే చెడిపోయి బదలాయించిన సెక్టార్లు. 197 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి. 198 అంటే డిస్క్ తనను తాను పరీక్షించుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి. 199 మాత్రం డిస్క్‌కూ బోర్డుకూ మధ్య దారిలో వచ్చిన తప్పుల లెక్క, చాలాసార్లు సాటా కేబుల్ మారిస్తే పెరగడం ఆగుతుంది. ఆ ప్రోగ్రామ్ మొదట్లో ఈ వరసలను, అంకెలను హెక్స్‌లో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి) చూపిస్తుంది. 197 అక్కడ సి5గా, 198 సి6గా, 199 సి7గా కనిపిస్తాయి.

197, 198 సున్నా అయితే మామూలుగా కాపీ చేయండి. మళ్లీ దొరకనివి ముందు: ఫోటోలు, సొంత కాగితాలు, లెక్కలు. సినిమాలు ఆఖర్న. అక్కడ అంకెలుంటే, లేదా కాపీ వేగం కిలోబైట్లకు పడిపోయి ఒకే ఫైల్ దగ్గర గింజుకుంటుంటే, ఆపేయండి. ఫోల్డర్లుగా కాపీ చేసే పని కాదిక. ఆరోగ్యంగా ఉన్న ఆ కంప్యూటర్‌నే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్త డిస్క్ మీదికి ఇమేజ్ తీయాలి. ఎక్కడిదాకా చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పకుండా ఇవ్వండి, ఆగినా అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. తొలి విడత ‘హైఫన్ చిన్న ఎన్’ ఆప్షన్‌తో నడిపితే సులువుగా వచ్చేదంతా ముందు తెచ్చుకుని చెడ్డ చోట్లను గీకడం తర్వాతకు వదిలేస్తుంది. మొండి సెక్టార్ల కోసం రెండో విడత. అయితే ఇందులో మూలం, గమ్యం పేర్లు తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ అసలు డిస్క్ మీద కూర్చుంటుంది. కొత్త డిస్క్ వేరే సైజుది తీసుకోండి, పెద్దది. ఎంటర్ కొట్టే ముందు సైజు, సీరియల్ నంబర్ రెండూ గట్టిగా చదివి చూసుకోండి.

డిస్క్ టిక్కుమంటుంటే ఆ క్షణమే పవర్ తీసేయండి. అది చదివే హెడ్ తన చోటు దొరక్క కొట్టుకుంటున్న చప్పుడు. ఇంకో ప్రయత్నం, ఇంకో ప్రయత్నం అంటూ పోతే హెడ్ ప్లాటర్‌ను (డేటా ఉండే పళ్లెం) గీకేస్తుంది, డేటా పొడిగా రాలుతుంది. డేటా అంత ముఖ్యమైతే ల్యాబ్‌కే ఇవ్వాలి. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం, మూత విప్పడం చేయొద్దు.

తీసిన కాపీని తెరిచి చూడండి. ఒక్కో ఫోల్డర్‌లో నాలుగైదు ఫోటోలు పూర్తి సైజులో, ఒక వీడియో చివరి నిమిషం. జబ్బు సిస్టమ్‌తోనే కాపీ చేశారా? అయితే దాన్ని కాపీ అనుకోవద్దు. పాడైన ర్యామ్ గుండా వచ్చిన ఫోటో పైసగం బాగుండి కిందిసగం బూడిదరంగులో ఉండొచ్చు. వేరే సిస్టమ్‌తో తీయండి అన్నది ఇందుకే.

ఇప్పుడు పరీక్షలు

అసలు డిస్క్ పక్కన ఉండాలి, క్యాబినెట్‌లో కాదు. పరీక్షలకు పోయినా ఫరవాలేని పాత డిస్క్ ఒకటి, లేదా లైనక్స్ పెన్‌డ్రైవ్ చాలు.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86కు అసలు డిస్కే అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగు) ఆఫ్ చేసి కనీసం 4 పాస్‌లు (పూర్తి రౌండ్లు) తిప్పండి. రాత్రంతా పట్టినా పట్టనివ్వండి. ఒక్క తప్పు వచ్చినా ఫెయిలే. ‘వెయ్యిలో ఒకటేగా’ అని సర్దుకోవద్దు. తప్పు వస్తే ఒక్కో ర్యామ్‌ను ఒకే స్లాట్‌లో పెట్టి విడివిడిగా చూడండి. ఒకటే ర్యామ్ ఫెయిలైతే అదే దోషి. ఏది పెట్టినా ఆ స్లాట్‌లోనే ఫెయిలైతే స్లాట్‌నో, బోర్డునో, సీపీయూలోని మెమరీ కంట్రోలర్‌నో అనుమానించాలి. విండోస్‌లో సిస్టమ్ ఫైల్ చెకర్ నడిపిన ప్రతిసారీ కొత్త కొత్త ఫైళ్లు పాడైనట్టు చూపుతుంటే విండోస్ మళ్లీ వేయడం కాదు, ముందు ఈ పరీక్ష చేయండి.

ఎస్‌ఎంపీఎస్‌ను అందరూ ఆఖర్న అనుమానిస్తారు. పాత సిస్టమ్ విషయంలో మొదటి ముగ్గురిలో దాన్ని పెట్టాలి. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, సిస్టమ్ పనిలో ఉండగా చూడండి. పసుపు వైరు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. బయటికి పోతే మార్చేయాల్సిందే. లోపలే ఉంటే మాత్రం నిర్దోషి అని కాదు. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది, క్షణంలో పడి లేచే వోల్టేజీ దానికి అందదు. తేల్చేది బాగున్న మరో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటమే.

ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా) ‘కెర్నల్-పవర్ 41’ చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని పరుగెత్తకండి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే అది చెబుతుంది. హ్యాంగ్ అయితే మీరు బటన్ నొక్కి ఆపినా అదే పడుతుంది. ‘డిస్క్’ పేరుతో 7 నంబర్ పడితే చెడ్డ సెక్టార్. ‘డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్’ 18 పడితే హార్డ్‌వేర్ తప్పును సీపీయూనే పట్టుకుని చెప్పిందన్నమాట.

మదర్‌బోర్డ్ మీద సీపీయూ చుట్టూ ఉన్న కెపాసిటర్లను టార్చి వేసి పక్కనుంచి చూడండి. పైకప్పు చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు చెమ్మ ఎండినట్టు కనిపించినా ఇంకే పరీక్షా వద్దు, జబ్బు దొరికినట్టే.

ఇక మిగిలినవి వరసగా:

ఒకసారికి ఒకటే మార్చండి. ర్యామ్, కేబుల్, డ్రైవర్ మూడూ ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. తేదీ వేసి రాసుకోండి.

డేటా తీశారా? తీయకపోతే ఇక్కడే ఆగండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులు దాటి నిలిచి ఉండొచ్చు.

స్విచ్ ఆఫ్ చేశాను కదా అని ర్యామ్ పీకొద్దు. ప్లగ్ ఉన్నంతసేపూ బోర్డులో 5 వోల్టుల స్టాండ్‌బై ఉంటుంది.

ఒక మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడొచ్చే) ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు ఇంకోదానికి వాడొద్దు. కనెక్టర్ సరిగ్గా కూర్చుంటుంది, లోపల వైర్ల వరస వేరు. 5 వోల్టుల చోటికి 12 వోల్టులు వెళ్లి డిస్కులు కాలతాయి. ఒకే కంపెనీదైనా మోడల్ మారితే వరస మారొచ్చు.

అచ్చుపోసిన ప్లాస్టిక్ మోలెక్స్-సాటా కన్వర్టర్లు (పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్‌ను సాటా డిస్క్‌కు కలిపేవి) తీసి పారేయండి. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి నిప్పంటుకున్నవి అవి.

నిలకడ లేని సిస్టమ్‌లో బయోస్ అప్‌డేట్ చేయొద్దు. మధ్యలో ఆగితే బోర్డు పోతుంది.

మదర్‌బోర్డ్ మీది నాణెం బ్యాటరీ మార్చే ముందు బయోస్ పేజీలన్నీ ఫోటో తీయండి, బ్యాటరీ తీస్తే ఆ సెట్టింగులు చెరిగిపోవచ్చు. సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఇంకోదానికి మారితే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది. అది చూసి డిస్క్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టేస్తారు.

ఆ బ్యాటరీ (సీఆర్2032) కొత్తదైతే 3 వోల్టులకు పైనే చూపాలి. తేదీ వెనక్కి పోతుంటే మార్చండి.

పాత ఏఎండీ సీపీయూ మీది కూలర్‌ను నిలువుగా లాగొద్దు. పేస్ట్ ఎండి సీపీయూ సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు నడిపి వేడెక్కించి, ఆపి, అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి.

సిస్టమ్‌ను పూర్తి భారంతో పరీక్షించే ప్రైమ్95, ఫర్‌మార్క్ లాంటివి అసలు డిస్క్ తగిలి ఉండగా నడపొద్దు.

బ్యాకప్ డిస్క్ కూడా తగిలించి ఉంచొద్దు. ఎస్‌ఎంపీఎస్ పోతే రెండూ ఒకేసారి పోతాయి.

ఫార్మాట్ కొట్టొద్దు. చెక్‌డిస్క్ కొట్టొద్దు. విండోస్ 11కి అప్‌గ్రేడ్ నొక్కొద్దు. డేటా బయటికి వచ్చి, తెరిచి చూసి, ఇంకోచోట రెండో కాపీ పడేదాకా ఈ మూడూ వద్దు.

చెక్‌డిస్క్ దానంతటదే మొదలవబోతుంటే అంకెలు లెక్కపెట్టే ఆ కొద్ది సెకన్లలో ఏదైనా కీ నొక్కి ఆపండి. మొదలైపోతే ఇక మధ్యలో పవర్ తీయొద్దు, డిస్క్ టిక్కుమంటే తప్ప.

పాత ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) అయితే చప్పుడుండదు, హెచ్చరికా ఉండకపోవచ్చు. ఒకసారి మాయమై మళ్లీ కనబడిందంటే అదే అవకాశం, వెంటనే కాపీ.

అసలు డిస్క్‌ను తిరిగి పెట్టేది మెమ్‌టెస్ట్ సున్నా తప్పులతో పూర్తయ్యాక, సిస్టమ్ పరీక్షలకు పెట్టిన ఆ పాత డిస్క్ మీద రెండు రోజులు ఒక్క హ్యాంగ్ లేకుండా నడిచాక. 197, 198లలో అంకె ఉన్న డిస్క్‌ను అప్పుడు కూడా పెట్టొద్దు.