షాకు, సున్ కొలతలను అడుగులు, అంగుళాల్లోకి మార్చే విధానం

జపాన్ వడ్రంగి గీసిన పాత నక్షా గానీ, కిమోనో కుట్టుకొలతల పట్టిక గానీ చేతికి వచ్చినప్పుడు మొదట ఎదురయ్యే కొలమానం షాకు. ఒక షాకు సుమారు 30.3 సెంటీమీటర్లు, ఒక అడుగు 30.48 సెంటీమీటర్లు. రెండూ ఇంత దగ్గరగా ఉన్నందువల్లనే చాలామంది షాకును అడుగుగానే రాసేసుకుంటారు. చిన్న పెట్టె చేసేటప్పుడు ఆ తేడా కంటికి ఆనదు గానీ, ద్వారబంధంలో తలుపు బిగించేటప్పుడు తప్పకుండా బయటపడుతుంది.

లెక్కకు ఆధారం చాలా సులువైనది. 1891లో జపాన్ చేసిన తూనికలు, కొలతల చట్టం ప్రకారం 33 షాకులు సరిగ్గా 10 మీటర్లు. షాకులో పదో వంతు సున్, సున్‌లో పదో వంతు బు, బులో పదో వంతు రిన్. పైకి వెళితే ఆరు షాకులు ఒక కెన్, పది షాకులు ఒక జో. అంటే 33 సున్‌లు ఒక మీటరు అవుతాయి. అంగుళం కూడా 25.4 మిల్లీమీటర్లుగా స్థిరపడింది కనుక, ఒక అంగుళం శేషమేమీ లేకుండా 0.8382 సున్‌కు సమానం. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే పెద్ద పట్టికలతో పని లేదు.

అయితే భాగహారానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: మీ ముందున్నది ఏ షాకు? పైన చెప్పినది వడ్రంగుల మూలమట్టం మీద ఉండే కానెజాకు. బట్టల కొలతకు వాడేది కుజిరాజాకు. ఇది కానెజాకుకు ఒకటింబావు రెట్లు, అంటే దాదాపు 37.9 సెంటీమీటర్లు. దీని ప్రకారం ఒక అంగుళం 0.67056 సున్ అవుతుంది. కిమోనో చేతి పొడవు 1 షాకు 3 సున్ అని ఉందనుకోండి. కుజిరాజాకు ప్రకారం అది 19.39 అంగుళాలు, కానెజాకుగా పొరబడితే 15.51 అంగుళాలు. దాదాపు నాలుగు అంగుళాలు తక్కువగా కత్తిరించిన బట్టను ఎవరూ సరిచేయలేరు. పట్టికలో ఏ షాకో రాసి లేకపోతే, అది బట్టకు సంబంధించినదా, కర్రకు సంబంధించినదా అన్నదే మీకు దొరికే ఆధారం.

ఆ తరువాత కొలత మొత్తాన్ని సున్‌లలోకి తెచ్చి దశాంశంగా రాయండి. కొలమానాలన్నీ పదులలోనే నడుస్తాయి కనుక, 2 షాకుల 3 సున్‌ల 5 బులు అంటే 23.5 సున్‌లు. కెన్ ఒక్కటే ఈ వరుసకు లొంగదు, దానిని 60 సున్‌లుగా వేసుకోవాలి. ఇప్పుడు 0.8382తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. ఆ కొలత ఒక కత్తి అలుగుదైతే 28.04 అంగుళాలు, అంటే 2 అడుగుల 4 అంగుళాల పైన వెంట్రుకవాసి.

అంగుళాల టేపు మీద దశాంశాలు ఉండవు కనుక, మిగిలిన దశాంశ భాగాన్ని 16తో హెచ్చవేసి దగ్గరి పూర్ణసంఖ్యను తీసుకోవాలి. జపాన్ ఇళ్లలో తరచుగా కనిపించే స్తంభం 3 సున్‌ల 5 బుల చదరం. 3.5ను 0.8382తో భాగిస్తే 4.176 వస్తుంది, 0.176ను 16తో హెచ్చిస్తే 2.8, అంటే దాదాపు 3. కనుక స్తంభం మందం 4 అంగుళాల 3/16. ఈ సవరణ లెక్క చివరనే జరగాలి. ఒక సున్ అంటే సుమారు 1 3/16 అంగుళమని ముందే కుదించి, దానినే 60 సార్లు కూడితే ఒక కెన్ 71.25 అంగుళాలుగా తేలుతుంది. అసలు విలువ 71.58. పోయిన మూడో వంతు అంగుళం ఎక్కడ పోయిందో వెతకడం వృథా శ్రమ.

1959 నుంచి జపాన్ వ్యాపారంలో షాకు చట్టబద్ధం కాదు గనుక, కలప ఇప్పుడు మిల్లీమీటర్లలోనే అమ్ముడవుతుంది. పాత కొలతలు మాత్రం గుండ్రని సంఖ్యలుగా మారి నిలిచి ఉన్నాయి. పై స్తంభమే 105 మిల్లీమీటర్లుగా దొరుకుతుంది, అంటే 4 1/8 అంగుళాలు. మూడు షాకులకు ఆరు షాకుల పలకను అక్కడివారు సబురొకు అంటారు. దాని అచ్చు కొలత 910కి 1820 మిల్లీమీటర్లు. మూడడుగులకు ఆరడుగుల చోటులో దానిని పెడితే వెడల్పులో 0.17 అంగుళం, పొడవులో 0.35 అంగుళం సందు మిగులుతుంది. కొత్త సామగ్రి కొనేటప్పుడు షాకు లెక్కను పక్కన పెట్టి మిల్లీమీటర్లను 25.4తో భాగించుకోవడమే నయమని నా అభిప్రాయం.

నోటి లెక్క చాలనుకునే వారు షాకులను అడుగులుగా తీసుకుని, షాకుకు 0.07 అంగుళం చొప్పున తగ్గిస్తే సరిపోతుంది. పది షాకుల దూలం ఈ లెక్కన 10 అడుగులకు 0.7 అంగుళం తక్కువ, అంటే 9 అడుగుల 11.3 అంగుళాలు. దూరాల విషయానికి వస్తే, 60 కెన్‌లు ఒక చో, 36 చోలు ఒక రి. చో దాదాపు 119.3 గజాలు, రి 2.44 మైళ్లు. వెనక్కి మార్చాలంటే అంగుళాలను 0.8382తో హెచ్చవేయాలి. 36 అంగుళాలు 30.175 సున్‌లవుతాయి, అంటే 3 షాకుల మీద దాదాపు 2 బులు.