కమిషనరు కుర్చీ ఖాళీ: అర్జీ వేసే ముందు చూడవలసిన కాగితం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పట్టణాల్లో కమిషనరు నియామకం చిక్కుల్లో పడితే లక్షణాలు ప్రతిచోటా ఒక్కలాగే ఉంటాయి. మే నెల దాటిపోతున్నా కాలువల పూడికతీతకు ఉత్తర్వు వెలువడదు. ఇంటి ప్లాను దరఖాస్తు అన్ని బల్లలూ దాటి చివరి సంతకం దగ్గర ఆగిపోతుంది. కాంట్రాక్టరు బిల్లు రాలేదని వీధి దీపాల మరమ్మతు మానేస్తాడు. కార్యాలయానికి వెళ్లి అడిగితే ఇన్‌ఛార్జి గారు వారంలో ఒక రోజు వస్తారని, ఆ రోజు ఏదో చెప్పలేమని అంటారు. కొన్నేళ్లుగా మా కాలనీ సంఘం తరఫున ఇలాంటి అర్జీలు రాస్తున్నాను, ఇతర పట్టణాల వారికీ రాసి ఇస్తున్నాను. అర్జీ రాయడం, రసీదు తీసుకోవడం మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోను.

నాకు బాధ కలిగించేది మొదటి అడుగే తప్పుదారి పట్టడం. జనం కోపంతో పురపాలక కార్యాలయం మెట్ల మీద బైఠాయిస్తారు, వార్డు సభ్యుణ్ణీ చైర్‌పర్సన్‌నూ నిలదీస్తారు. 1965 నాటి పురపాలక చట్టం కింద నడిచే పట్టణమైనా, 1955 నాటి చట్టం కింద నడిచే నగరపాలక సంస్థ అయినా, కమిషనరును నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే తప్ప పాలకవర్గం కాదు. గ్రేడ్-2 కమిషనర్లు గ్రూప్-1 ద్వారా, గ్రేడ్-3 వారు గ్రూప్-2 ద్వారా నేరుగా ఎంపికవుతారు, మిగిలినవారు పదోన్నతి మీద వస్తారు. ఎవరిని ఎక్కడ వేయాలన్నది పురపాలక శాఖ చేతిలోని పని. పాలకవర్గం తీర్మానం చేసి పంపితే అది విన్నపమే అవుతుంది. 2015లో నగరపాలక సంస్థగా మారిన శ్రీకాకుళంలో 2021 మార్చి నాటి పురపోరులో కూడా ఎన్నిక జరగలేదు. పాలకవర్గం లేనిచోట కమిషనరు కూడా నిలకడగా లేకపోతే పౌరుడు వెళ్లి అడగడానికి మనిషే ఉండడు. అందుకే ఈ విషయంలో ఒక్క అర్జీ కూడా వృథా పోకూడదని పట్టుబడుతున్నాను.

తర్వాత చూడవలసినది సంతకం కింది హోదా. గత నెలలో కార్యాలయం ఇచ్చిన నోటీసు ఏదైనా తీసుకోండి. కమిషనరు అని ఉందా, పూర్తి అదనపు బాధ్యతలు (అంటే వేరే పోస్టులో ఉన్న అధికారికి ఈ కుర్చీ అధికారాలన్నీ అదనంగా అప్పగించడం) అని ఉందా, ఉత్త ఇన్‌ఛార్జి అని ఉందా చూడండి. పూర్తి అదనపు బాధ్యతలున్న అధికారి సంతకం చేయకపోతే మీ ఫిర్యాదు ఆయన రాకపోకల మీద ఉండాలి. ఉత్త ఇన్‌ఛార్జిగా రోజువారీ పనులు మాత్రమే చూడమని ఉత్తర్వులో ఉంటే, చట్టం కమిషనరుకు ఇచ్చిన అధికారాలను వాడడానికి ఆయన వెనుకాడతారు. అది ఆయన తప్పు కాదు, ఆ ఉత్తర్వులోని లోటు. అప్పుడు పూర్తి అదనపు బాధ్యతలు ఎవరికైనా అప్పగించమని పురపాలక శాఖను కోరాలి. ఈ రెండు ఫిర్యాదులనూ ఒకే కాగితంలో కలిపి రాస్తే రెండూ తేలవు.

ఇక నన్ను దెబ్బతీసిన కారణానికి వస్తాను. ఈ జిల్లాల్లోనే ఒక పట్టణంలో కమిషనరు బదిలీ అయి వెళ్లిపోయారు, నెలలు గడిచినా ఎవరూ రాలేదు. ఖాళీగా ఉన్న పోస్టును వెంటనే భర్తీ చేయండి అని ఎంతో శ్రద్ధగా అర్జీ రాసి, ఇరవై మందికి పైగా సంతకాలు పెట్టించి, సోమవారం కలెక్టరేటులో ఇచ్చాం. పోస్టు ఇప్పటికే భర్తీ అయిందని జవాబు వచ్చింది, అర్జీ పరిష్కృతమైనట్టు సందేశం కూడా వచ్చింది. అబద్ధం చెబుతున్నారని మండిపడి అదే అర్జీ మళ్లీ వేశాం, అదే జవాబు వచ్చింది. మూడోసారి కార్యాలయానికి వెళ్లినప్పుడు కమిషనరు గదిలో గోడకున్న పేర్ల బోర్డు చూశాను. ఇదివరకు పనిచేసిన వారి పేర్ల పక్కన ‘నుంచి’, ‘వరకు’ అని తేదీలు వరుసగా ఉన్నాయి. అట్టడుగు వరుసలో కొత్త పేరు తెల్ల రంగుతో మెరుస్తూ ఉంది, దాని ఎదురుగా రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి. అటెండరును అడిగితే, “పేరైతే ఆర్డరొచ్చిన రోజే రాయించేశామండి బాబూ, సారే ఇంకా చేరనేదు” అన్నాడు.

జరిగినది ఇది. ప్రభుత్వం ఒకరిని ఆ పట్టణానికి వేస్తూ ఉత్తర్వు ఇచ్చింది, ఆ అధికారి వచ్చి చేరకుండా వేరేచోటికి మార్పించుకునే ప్రయత్నంలో సెలవు పెట్టారు. ఉత్తర్వు రద్దు కాలేదు కనుక శాఖ లెక్కలో ఆ కుర్చీ నిండే ఉంది, ఖాళీల జాబితాలోకి ఎక్కదు. చేరిన మరునాడే దీర్ఘకాలిక సెలవు మీద వెళ్లినా, జీతం ఇక్కడి పద్దులో ఉంచి మనిషిని మరో కార్యాలయంలో వాడుకుంటున్నా ఫలితం అదే. మన అర్జీలో ‘ఖాళీ’ అనే మాట ఉన్నంతకాలం జవాబు రాసే గుమాస్తా ఖాళీ లేదని రాసి ముగించగలడు, కాగితం ప్రకారం అతను రాసినది నిజమే. ఆ ఒక్క మాట వల్ల మాకు నాలుగు నెలలు పోయాయి, వాన మొదలై మా వీధి కాలువ పొంగి ఇళ్ల గుమ్మాల్లోకి వచ్చింది.

కాబట్టి మొదట కాగితం తెప్పించండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మూడింటి నకళ్లు అడగాలి: ప్రస్తుత కమిషనరును ఈ పట్టణానికి వేసిన ఉత్తర్వు, ఆయన బాధ్యతలు స్వీకరించినట్టు ఇచ్చిన ఛార్జి సర్టిఫికెట్టు, గత ఆరు నెలల్లో మంజూరైన సెలవు లేదా డిప్యుటేషను ఉత్తర్వు. ఎందుకు రాలేదు, ఎప్పుడు వస్తారు అని ప్రశ్నలు రాయవద్దు. చట్టం ఇప్పించేది కార్యాలయం దగ్గరున్న రికార్డును, సంజాయిషీని కాదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 రోజుల గడువు ఉంటుంది. కాగితం తమ దగ్గర లేదని కార్యాలయం అంటే, 6(3) సెక్షను ప్రకారం దరఖాస్తును 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి పంపవలసిన బాధ్యత వారిదేనని గుర్తుచేయండి. ఛార్జి సర్టిఫికెట్టు లేదని లిఖితంగా వచ్చిందంటే మీ చేతికి అసలు ఆధారం వచ్చినట్టే.

అప్పుడు అర్జీ ఇలా ఉండాలి: ‘ఫలానా తేదీ, ఫలానా నంబరు ఉత్తర్వు ద్వారా నియమితులైన అధికారి నేటికీ బాధ్యతలు స్వీకరించలేదని కార్యాలయమే లిఖితపూర్వకంగా తెలిపింది. ఆ ఉత్తర్వును అమలు చేయించండి, లేదా రద్దు చేసి మరొకరిని నియమించండి, అంతవరకు పూర్తి అదనపు బాధ్యతలు ఒకరికి అప్పగించండి.’ సమాచార హక్కు జవాబు నకలు జతచేసి, ఒక ప్రతి కలెక్టరేటులోని ప్రజా సమస్యల పరిష్కార వేదికకు, మరొకటి పురపాలక శాఖ సంచాలకుల కార్యాలయానికి స్పీడు పోస్టులో పంపండి. మేము నాలుగోసారి ఇలాగే రాశాం. పోస్టు భర్తీ అయిందనే పాత జవాబు రాలేదు, కొద్ది వారాల్లో పక్క పట్టణపు కమిషనరుకు పూర్తి అదనపు బాధ్యతలు ఇస్తూ ఉత్తర్వు వచ్చింది.

అధికారి వచ్చి చేరిన తర్వాత కూడా బిల్లులు, ప్లాన్లు కొన్నాళ్లు కదలకపోతే డిజిటల్ సంతకం చూడమనండి. పాత అధికారి పేరు తొలగించి కొత్తవారి పేరు ఎక్కించేదాకా ఆన్‌లైన్‌లో ఏ ఆమోదమూ పడదు. కోర్టు స్టే, ఎన్నికల నియమావళి వల్ల నియామకం ఆగడం అరుదు, అలాంటిది ఉంటే కార్యాలయమే ముందుగా చెబుతుంది, దాని కోసం వెతుకుతూ కూర్చోనక్కరలేదు.

అర్జీ పరిష్కారమైందని సందేశం వచ్చిన రోజున ఒకసారి కమిషనరు గదిలోకి వెళ్లి ఆ బోర్డు చూడండి. ‘నుంచి’ అన్న గడిలో తేదీ పడకపోతే అర్జీని మళ్లీ తెరవమని అదే వారం రాసి ఇవ్వండి.