గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారా? ఆ రోజు దాకా తిండి దగ్గర జాగ్రత్త

ఈ సంక్రాంతికి ముక్కనుమ నాడు మా సర్జికల్ వార్డుకి ఒకావిడని తీసుకొచ్చారు. పిత్తాశయంలో, అంటే గాల్ బ్లాడర్‌లో, రాళ్లున్నాయని ముందే స్కానింగ్‌లో తేలింది, పండగ కాగానే ఆపరేషన్ అని తేదీ కూడా ఇచ్చారు. అప్పటిదాకా పథ్యం బాగానే చేశారు, నొప్పి మళ్లీ రాలేదు. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, గారెలూ నాటుకోడి పులుసూ తిన్నారు, ఆపైన నేతి అరిసెలు. అర్ధరాత్రి నొప్పి మొదలైతే గ్యాస్ అనుకుని ఇంట్లోవాళ్లు సోడా తాగించారు. తెల్లారి మా దగ్గరికి వచ్చేసరికి రాయి కిందికి జారి క్లోమం (పాంక్రియాస్) వాచిపోయింది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికెళ్లాల్సిన ఆపరేషన్ కాస్తా ఐసీయూ దాకా పోయింది, అసలు ఆపరేషన్ వారాల తరబడి వెనక్కి జరిగింది.

నూనె తగ్గించమని, వేపుళ్లు మానమని మీ డాక్టరు చెప్పే ఉంటారు. అది మళ్లీ చెప్పను. నేను చెప్పేది ఒక్క పూట గురించి. తేదీ వచ్చింది, నొప్పి లేదు, ఇంట్లో పెళ్లో పండగో వచ్చింది, ‘ఈ ఒక్క పూటకి ఏమవుతుందిలే’ అనుకుంటారు చూడండి, మనుషుల్ని ముంచేది అదే. రోజూ కొంచెం ఎక్కువ నూనె తినేవాళ్లకంటే, నెలంతా పథ్యం చేసి ఒక్క రాత్రి విందు భోజనం చేసినవాళ్లనే నేను అర్ధరాత్రి అడ్మిషన్లలో ఎక్కువగా చూశాను.

కారణం ఉంది. కాలేయంలో తయారయ్యే పైత్యరసాన్ని పిత్తాశయం నిల్వ చేస్తుంది. కొవ్వు చిన్నపేగులోకి రాగానే హార్మోన్ విడుదలై పిత్తాశయాన్ని గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది. ఒక్కసారే ఎక్కువ కొవ్వు పడితే ఆ ముడుచుకోవడమూ బలంగా ఉంటుంది. అప్పుడు రాయి వెళ్లి పిత్తాశయం మెడ దగ్గర, అంటే దాని సన్నటి మూతి దగ్గర, ఇరుక్కుంటే నొప్పి. అక్కడే ఉండిపోతే వాపు, జ్వరం. ఇంకా కిందికి జారి పైత్యరసం పేగులోకి పోయే పెద్ద నాళంలో పడితే కామెర్లు, లేదా క్లోమం వాపు. రిపోర్టులో ‘4 ఎంఎం’ అని ఉంటే చిన్నదే కదా అని ధైర్యపడతారు. కిందికి జారేది చిన్న రాయే. నొప్పి తగ్గిందంటే రాయి కరిగిందని కాదు, దాని చోటికి అది వెనక్కి వెళ్లిందని మాత్రమే.

ఇంకో మాట కూడా వింటుంటాను: ‘ఆపరేషన్ అయ్యాక ఇక జన్మలో ఇవేవీ తినలేం, ఇప్పుడే తినేద్దాం.’ ఇది నిజం కాదు. పిత్తాశయం తీసేసినా కాలేయం పైత్యరసాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. చాలామంది కొన్ని వారాల్లో మామూలు భోజనానికి వచ్చేస్తారు. ఆ గారెలు వచ్చే పండక్కి తినొచ్చు.

ఇక మన వంటింట్లో నూనె దాక్కునే చోట్లు. ఇడ్లీ మంచిదే, కానీ దాని పక్కన కొబ్బరి చట్నీ, పల్లీ చట్నీ, నెయ్యి కలిపిన కారప్పొడి మంచివి కావు. ఆవకాయ ముక్క పెట్టుకోలేదంటారు, ఊట కలుపుకుంటారు, ఊటంతా నూనే. గేదె పాలలో వెన్న శాతం ఆవు పాలకంటే చాలా ఎక్కువ, కాబట్టి డబుల్ టోన్డ్ పాలు వాడండి, పెరుగు మీద మీగడ తీసేయండి. చికెన్ తోలు తీసి పులుసుగా చేస్తే పర్వాలేదు; తలకాయ, బోటీ వద్దు. చారు, సొరకాయ, బీరకాయ, రాగి జావ, జొన్న రొట్టె, నూనె తక్కువ పోసిన చేపల పులుసు, వీటితో నెల గడిచిపోతుంది. ఒక మనిషికి రోజు మొత్తం మీద మూడు నాలుగు టీ స్పూన్ల నూనె, తాలింపుతో కలిపే.

అలాగని పూర్తిగా నూనె మానేసి గంజి తాగుతూ కూర్చోవద్దు. పొట్ట మాడిస్తే పైత్యరసం కదలక చిక్కబడుతుంది. గబగబా బరువు తగ్గితే కొత్త రాళ్లు కూడా పుడతాయి. ఏకాదశులు, శనివారాలు, రోజా ఉపవాసాలు పాటించేవాళ్లు ముందుగా డాక్టరుతో మాట్లాడండి. పగలంతా ఖాళీ కడుపు, రాత్రికి నిండు విందు. అన్నిటికంటే చెడ్డది ఇదే. మళ్లీ ఆ ఒక్క పూటే. కాలేయంలో కొవ్వు తగ్గాలని సర్జనే తక్కువ క్యాలరీల డైట్ రాసిచ్చారా, అది వేరు. ఆయన చెప్పినన్ని రోజులే చేయండి.

రాళ్లు కరిగిస్తామనేవాళ్ల దగ్గరికి పోవద్దు. కొండపిండి ఆకు తాగిస్తారు. కిడ్నీ రాళ్లకు మూత్రంలో దారి ఉంది, ఈ రాళ్లకు ఆ దారి లేదు. ఆలివ్ నూనె, నిమ్మరసం గ్లాసుడు తాగితే రాళ్లు పడిపోతాయని వీడియోలు తిరుగుతున్నాయి. మర్నాడు విరేచనంలో కనిపించే పచ్చని ఉండలు ఆ నూనె, రసాలతో ఏర్పడిన సబ్బు లాంటి ముద్దలు, రాళ్లు కావు. పైగా అంత నూనె ఒకేసారి తాగడం విందు భోజనం కంటే ఘోరం.

ఇవి గుర్తుపెట్టుకోండి.

పెళ్లికి వెళ్లండి, తినకుండా రండి. లేదా ఇంట్లో తినే వెళ్లండి.

‘ఒక్క ముక్క’ అని వడ్డించేవాళ్లకు ఆపరేషన్ సంగతి చెప్పేయండి. మొహమాటపడొద్దు.

రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించండి.

కుడి డొక్కలో మొదలై వీపుకో కుడి భుజానికో పాకే నొప్పిని గ్యాస్ అనకండి. సోడా తాగించొద్దు.

నొప్పి గంటల తరబడి వదలకపోయినా, చలితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆ రాత్రే ఆస్పత్రికి. ఇచ్చిన తేదీ దాకా ఆగొద్దు.

కళ్లు పచ్చబడితే పసరు మందు వద్దు. నాళానికి రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లకు పసరు పనిచేయదు, చేతిలో ఉన్న సమయం పోతుంది.

రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు.

షుగర్ మాత్రల చీటీ చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి మామూలుగా 3 రోజుల ముందే ఆపిస్తారు. బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకుంటుంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి, దానివల్ల తిన్నది కడుపులో ఎక్కువసేపు ఉండిపోతుంది.

ముందు రోజు రాత్రి తేలిగ్గా తినండి. బిర్యానీ కాదు. ఆ రాత్రి బిర్యానీ తిని వచ్చినవాళ్లనూ చూశాను.

మత్తుకు ముందు తేలికైన తిండికి 6 గంటలు, నూనె, మాంసం ఉంటే 8 గంటలు ఎడం ఉండాలి. మంచినీళ్లకు 2 గంటలు. మీ ఆస్పత్రి అర్ధరాత్రి నుంచి ఏమీ వద్దంటే అదే పాటించండి.

పాలు కలిపిన కాఫీ నీళ్ల లెక్కలోకి రాదు. మజ్జిగా రాదు. మత్తులో ఉండగా కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

పొద్దున్నే అలవాటుగా గుక్కెడు కాఫీ తాగేశారా? దాచకండి. థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందే నర్సుకు చెప్పండి. వాయిదా వేస్తే వేయనివ్వండి.