ఎం.జి. రోడ్డులో మూతపడిన కాఫీ హోటళ్లు, పబ్బులు: జ్ఞాపకాలను సేకరించే పద్ధతి

బెంగళూరులో ముప్పై, నలభై ఏళ్లుగా ఉంటున్న తెలుగువారు నలుగురు కూడితే, మాట ఎక్కడ మొదలైనా చివరకు ఎం.జి. రోడ్డు దగ్గర తేలుతుంది. తలపాగా కట్టుకున్న సప్లయర్లు కాఫీ తెచ్చిపెట్టిన ఇండియా కాఫీ హౌస్ గురించి ఒకరు చెబితే, అంతరిక్ష నౌక లోపలి భాగంలా అలంకరించిన చర్చ్ స్ట్రీట్ నాసా పబ్బు గురించి మరొకరు చెబుతారు. అరగంట తరువాత ఎవరి ఇంటికి వారు వెళ్లిపోతారు, చెప్పినది ఎక్కడా నిలవదు. దానిని కాగితం మీదికి తేవడానికి పెద్ద చదువు అక్కరలేదు కానీ, ఒక క్రమం మాత్రం కావాలి.

మొదట వీధి ఎల్లలు నిర్ణయించుకోవాలి. ఎం.జి. రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు, చర్చ్ స్ట్రీట్, రెసిడెన్సీ రోడ్డు అన్నింటినీ కలిపి "ఎం.జి. రోడ్డు" అనడం ఈ ఊరి అలవాటు కనుక, చెప్పేవారు ఏ వీధిని ఉద్దేశిస్తున్నారో ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలి. పేర్ల మార్పుతో మరొక చిక్కు ఉంది. ఎం.జి. రోడ్డు 1948 వరకు సౌత్ పెరేడ్. రెసిడెన్సీ రోడ్డుకు ఇప్పటి అధికారిక నామం ఫీల్డ్ మార్షల్ కరియప్ప రోడ్డు. అయితే ఒక పెద్దాయన "సౌత్ పెరేడ్‌లో టిఫిన్ చేసేవాళ్లం" అన్నంత మాత్రాన అది 1948కి ముందు సంగతి అనుకోకూడదు, ఎందుకంటే దండు (కంటోన్మెంట్) ప్రాంతపు పాత కుటుంబాలు ఆ పేరును ఆ తరువాత కూడా చాలాకాలం వాడుతూ వచ్చాయి.

ఎల్లలు తేలిన తరువాత ఒక పొడవాటి కాగితం తీసుకుని, వీధిలో నడుస్తూ, ఇప్పుడు ఉన్న ప్రతి దుకాణానికి ఒక గడి చొప్పున వరుసగా గీయాలి. ఎం.జి. రోడ్డు ఈ పనికి అనువైన వీధి. ఉత్తరం పక్క చాలా మేర పెరేడ్ మైదానం, దాని అంచున ఒకప్పటి చెట్ల బాట ఉండడం వల్ల, దుకాణాలు ప్రధానంగా దక్షిణం పక్కనే ఉన్నాయి. కనుక ఒక వరుస గీస్తే సగం పని అయినట్లే. ఈ పటం లేకుండా ఎవరినీ కలవకూడదని నా గట్టి అభిప్రాయం. చేతిలో పటం ఉంటే ఎదుటివారి వేలు దానంతట అదే ఒక గడి మీదికి వెళుతుంది, "ఇది కాదు, దీని పక్కది" అనే మాట వస్తుంది.

ఇక అడిగే తీరు. "అది ఏ సంవత్సరంలో మూతపడింది?" అని మొదటే అడగడం పెద్ద పొరపాటు. మనిషి మనసు సంవత్సరాలను దాచుకోదు, కూర్చున్న చోటును దాచుకుంటుంది. కాబట్టి "తలుపు తీయగానే ఎడమ పక్క ఏముండేది? మీరు ఏ మూల కూర్చునేవారు? బిల్లు ఎవరు కట్టేవారు? బయటికి వచ్చాక ఏ బస్సు ఎక్కేవారు?" అని అడగాలి. హలసూరులో ఉండే ఒక పెద్దాయన నాతో మొదట "డెబ్భైలలోనండీ" అని తేల్చేశారు. తాను తాగిన కాఫీ గురించి కాకుండా, ఆ రోజు వెంట ఎవరున్నారని అడిగితే, రెండో కూతురు పుట్టిన వార్త విన్నది ఆ బల్ల దగ్గరే అని చెప్పారు. ఆ కూతురు పుట్టిన సంవత్సరం రేషన్ కార్డులో ఉంది, అది ఆయన చెప్పిన డెబ్భైలకు చాలా తరువాతిది.

కాలం తేల్చడానికి అందరికీ తెలిసిన కొన్ని ఘటనలను గుంజల్లా పాతుకోవాలి. ఎం.జి. రోడ్డు ఇండియా కాఫీ హౌస్ 2009 ఏప్రిల్‌లో మూతపడి, చర్చ్ స్ట్రీట్‌లోని బ్రిగేడ్ గార్డెన్స్‌కు తరలింది. మెట్రో రైలు 2011 అక్టోబరు 20న ఎం.జి. రోడ్డు వరకు నడవడం మొదలైంది. చర్చ్ స్ట్రీట్‌కు రాళ్లు పరిచి 2018 మార్చి 1న తిరిగి తెరిచారు. బ్రిగేడ్ రోడ్డు రెక్స్ సినిమా హాలు ఆ ఏడాది చివరి రోజున ఆగిపోయింది. "మెట్రో స్తంభాలు లేచాకా, అంతకు ముందా?", "రాళ్లు పరిచాకా?" అని అడిగితే, నిజాయితీగా చెప్పేవారు క్షణంలో తేల్చేస్తారు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం అమ్మరాదన్న సుప్రీంకోర్టు తీర్పు వల్ల 2017 జూలైలో ఈ ప్రాంతపు బార్లు, పబ్బులు అనేకం ఒక్కసారిగా మూతపడి, కొంతకాలానికి మళ్లీ తెరుచుకున్నాయి. అందువల్ల "2017లో మూసేశారు" అని ఎవరైనా అంటే, మళ్లీ తెరిచారా అని తప్పక అడగాలి.

కాగితపు ఆధారాలు మాటలకు తోడుగా నిలుస్తాయి. పాత బిల్లు, మెనూ కార్డు, అగ్గిపెట్టె అట్ట, గ్లాసు కింద పెట్టే అట్టముక్క ఏది దొరికినా దాని మీది చిన్న అక్షరాలు చదవాలి. ధర అణాలలో ఉంటే దశాంశ నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు, నయాపైసలలో ఉంటే ఆ తరువాతది. చిరునామా చివర "బెంగళూరు-1" అని మాత్రమే ఉంటే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ రాకముందు అచ్చయి ఉండే అవకాశం ఎక్కువ, 560001 ఉంటే తరువాతిది. "మైసూరు రాష్ట్రం" అని ఉంటే 1973 నవంబరుకు ముందుది. వ్యాట్ వసూలు చేసిన బిల్లు 2005 ఏప్రిల్ తరువాతిది, జీఎస్టీ బిల్లు 2017 జూలై తరువాతిది. ఫోను నంబరులోని అంకెల సంఖ్య కూడా ఉపకరిస్తుంది. ముందు 2 చేరిన ఎనిమిది అంకెల నంబర్లు 2000 తరువాతి తొలి ఏళ్లలో వచ్చాయి. అయితే మిగిలిపోయిన పాత కాగితాన్ని ఏళ్ల తరబడి వాడుకోవడం హోటళ్లవారికి మామూలే కనుక, అచ్చు కాలాన్ని బట్టి బిల్లు కాలాన్ని ఖాయం చేయకూడదు.

ఎవరిని అడగాలన్నది దీనికన్నా ముఖ్యం. వచ్చి కూర్చుని వెళ్లినవారికన్నా అక్కడ పని చేసినవారికి ఎక్కువ తెలుసు. సప్లయరుకు ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చునేవారో, ఏ ఏడాది ఫర్నిచరు మారిందో గుర్తుంటుంది. ఇండియా కాఫీ హౌస్ విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేస్తున్నప్పుడు కార్మికులే 1957 ఆగస్టు 19న బెంగళూరులో తొలి సహకార సంఘం ఏర్పరచుకున్నారు. పబ్బుల విషయంలో గ్లాసులు కడిగినవారిని, తలుపు దగ్గర నిలబడినవారిని, ఎదురుగా బీడా కొట్టు నడిపినవారిని వెతకాలి. డ్రాఫ్ట్ బీరు పీపాలు ఏ వేళకు దిగేవో వారికి తెలుసు. ఇప్పుడు యూబీ సిటీ వాణిజ్య సముదాయం ఉన్న చోట ఒకప్పుడు బీరు తయారయ్యేదన్న సంగతి కూడా వారి మాటల్లో తరచు దొర్లుతుంది. ఇప్పటికీ నడుస్తున్న పాత పబ్బులు ఉన్నాయి, 1989లో మొదలైన పీకోస్ వాటిలో ఒకటి. మూతపడినవాటిలో పని చేసినవారి ఆచూకీ అలాంటి చోట అడిగితే దొరకవచ్చు.

పనిలో ఉన్నవారిని కలవడానికి మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య వేళ మంచిది. నేను మొదటిసారి ఒక హోటలుకు ఉదయం తొమ్మిదిన్నరకు, ఇడ్లీ, వడ అమ్ముడుపోయే హడావుడిలో వెళ్లి, గల్లా పెట్టె దగ్గరివారి చేత "ఇది ఇంటర్వ్యూల టైమా స్వామీ" అనిపించుకున్నాను. ఆయన అన్నది న్యాయమే.

పబ్బుల జ్ఞాపకాలకు ఒక సున్నితమైన అంశం అంటుకుని ఉంటుంది. మన ఇళ్లలో తాగుడు గురించి అందరి ముందూ మాట్లాడరు. కోడలు, మనవలు ఉన్న గదిలో అడిగితే, "మేము సంగీతం వినడానికి వెళ్లేవాళ్లమండీ" అనే జవాబు వస్తుంది, అందులో కొంత నిజం లేకపోనూ లేదు. అలాంటివారిని ఇంటి బయట, పార్కులోనో కాఫీ దగ్గరో కలవాలి. ఆడవారిని అడిగేటప్పుడు మరింత మర్యాద అవసరం. అయినా అడగకుండా ఉండకూడదు, ఎందుకంటే స్నేహితురాళ్లతో కలిసి వెళ్లి భయం లేకుండా కూర్చోగలిగిన చోట్లు ఏవో వారు చెబితేనే తెలుస్తుంది. పేరు రాయవచ్చా అని రెండుసార్లు అడగాలి: ఒకసారి ఫోనులో రికార్డింగు మొదలుపెట్టే ముందు, మరొకసారి రాసినది చదివి వినిపించాక. రెండోసారి వద్దన్నవారి పేరు తీసివేయాలి, వాదించకూడదు.

రాసేటప్పుడు వారి మాటనే ఉంచాలి. "బై టూ కాఫీ" అన్నారంటే అదే రాయాలి, "ఒక కాఫీని ఇద్దరికి పంచి" అని దిద్దకూడదు. ఈ ఊరి తెలుగులో కన్నడం, తమిళం, ఇంగ్లీషు కలిసే ఉంటాయి. వాటిని ఏరివేస్తే మనిషి గొంతు పోతుంది. ఫొటోలను ఇంటికి తెచ్చుకోవద్దు, కిటికీ వెలుతురులో ముందూ వెనుకా ఫోనుతో తీసుకుంటే చాలు.

ఒకే హోటలును ఇద్దరు రెండు వేర్వేరు గడులలో చూపిస్తే, ఒకరు పొరబడ్డారని వెంటనే తీర్మానించకూడదు. కాఫీ హౌస్ ఎం.జి. రోడ్డు మీద ఉండేదన్నవారూ, చర్చ్ స్ట్రీట్‌లోనే చూశామన్నవారూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. రెండు గడులలోనూ పేరు రాసి, పక్కన చెప్పినవారి వయసు, వారు చూసిన కాలం రాసుకోవాలి.

పటం కొంత నిండాక దానిని తీసుకుని మొదట మాట్లాడినవారి దగ్గరికే మళ్లీ వెళ్లాలి. హలసూరు పెద్దాయన రెండోసారి కళ్లద్దాలు పెట్టుకుని, పటాన్ని తలుపు దగ్గరి వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ తరువాత రెండు గడుల మధ్య ఉన్న గీత మీద వేలు పెట్టి, "ఇక్కడొక సందు ఉండాలే, అందులో మెట్లెక్కితే ఇంకోటి ఉండేది" అన్నారు.