గిట్ ఎలా నేర్చుకోవాలి? ఒక్క ఫోల్డర్‌తో మొదలుపెట్టండి

గిట్ అంటే ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. దాన్ని నేర్చుకుందామని కూర్చున్న రోజే గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులను నెట్‌లో పంచుకునే సైట్) అకౌంట్, ఎస్ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళం), బ్రాంచ్‌లు, ఎడిటర్ ఎక్స్‌టెన్షన్లు అన్నీ నెత్తిన వేసుకుంటే, ఎర్రర్ వచ్చినప్పుడు తప్పు దేనిదో తెలియక తల పట్టుకోవాలి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాసేనాటికి గిట్‌హబ్ అసలు లేదు. నెట్ లేకున్నా గిట్ మీ కంప్యూటర్‌లో హాయిగా పనిచేస్తుంది.

1. గిట్ ఇన్‌స్టాల్ చేయండి. విండోస్‌లో దాంతోపాటే గిట్ బాష్ (కమాండ్లు టైప్ చేసే విండో) వస్తుంది. గిట్ కాన్ఫిగ్‌తో మీ పేరు, ఈమెయిల్ ఇవ్వండి. లేకపోతే కమిట్ (మార్పులను చరిత్రలో నమోదు చేయడం) దగ్గర ‘ముందు మీరెవరో చెప్పండి’ అని ఆపేస్తుంది.

2. ఖాళీ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘గిట్ ఇనిట్’ కొట్టండి. లోపల కనిపించకుండా ఒక గిట్ ఫోల్డర్ తయారవుతుంది. చరిత్రంతా అందులోనే ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి.

3. నోట్‌ప్యాడ్‌లో నెల సరుకుల చీటీ రాసి అక్కడే సేవ్ చేయండి. వర్డ్ ఫైలు వద్దు, అందులో ఏ లైను మారిందో గిట్ సరిగ్గా చూపలేదు. ఫైలుకు తెలుగు పేరు పెడితే, తర్వాత చూసే స్టేటస్‌లో అక్షరాల బదులు అంకెల వరస కనిపిస్తుంది. కంగారొద్దు, గిట్ కాన్ఫిగ్‌తో కోర్ కోట్‌పాత్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే సరి.

4. ‘గిట్ స్టేటస్’ కొడితే ఫైలు పేరు ఎర్రగా, ‘గిట్ యాడ్’ పక్కన దాని పేరు రాసి కమిట్‌కు సిద్ధం చేశాక మళ్లీ చూస్తే ఆకుపచ్చగా ఉంటుంది. అప్పుడు ‘గిట్ కమిట్’. పక్కన డాష్ ఎం పెట్టి, కోట్స్‌లో చిన్న మెసేజ్ రాయండి. అది మర్చిపోతే చాలాచోట్ల విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరుచుకుంటుంది. ఎస్కేప్ నొక్కి కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్ కొట్టి బయటపడి, ఈసారి మెసేజ్‌తో మళ్లీ కమిట్ చేయండి.

5. ఇక అసలు సరదా. కందిపప్పు 2 కిలోలని 3 కిలోలు చేసి సేవ్ చేసి ‘గిట్ డిఫ్’ కొట్టండి. పాత లైను మైనస్ గుర్తుతో, కొత్తది ప్లస్ గుర్తుతో వస్తాయి. యాడ్, కమిట్ చేశాక, ఫైలును కావాలనే డిలీట్ చేయండి. ‘గిట్ రిస్టోర్’ పక్కన దాని పేరు రాస్తే 3 కిలోలతో సహా తిరిగొస్తుంది. ఇది కళ్లారా చూస్తే గిట్ అంటే ఉన్న టెన్షన్ సగం పోతుంది.

కొన్నాళ్లు ఈ కమాండ్లతోనే నెట్టుకురండి. చీటీని పాడుచేయకుండా పండగ సరుకులు వేరుగా రాసి చూడాలనిపిస్తే బ్రాంచ్ నేర్చుకోండి. ఇంకొకరితో కలిసి పనిచేయాల్సి వచ్చినప్పుడు గిట్‌హబ్ అకౌంట్ తెరవొచ్చు.